రాజీ వేరు, సమాధానము వేరు: దక్షిణాఫ్రికా సంఘముల అనుభవము

నూరేండ్ల పండుగ వేళ సంఘ చరిత్రను తలంచుకొనునప్పుడు, కట్టిన దేవాలయములను, స్థాపించిన పాఠశాలలను, వైద్యశాలలను, ప్రయాసపడి గతించిన భక్తులను జ్ఞాపకము చేసికొనుట మన అలవాటు. అది మంచి అలవాటే. అయితే సంఘము లోకములోనే ఉన్నది. లోకములో ఒక జనము మరియొక జనమును అణచినప్పుడు, ఒక గుంపు మరియొక గుంపు రక్తము చిందించినప్పుడు సంఘము ఏమి చేసినదన్నది కూడ సంఘ చరిత్రయే. ఆ చరిత్రను విడిచిపెట్టి తక్కినది మాత్రము చెప్పుకొన్నచో అది సగము చరిత్ర మాత్రమే అగును.

ఈ విషయములో ఇరువదవ శతాబ్దపు సంఘములలో ఎక్కువ పరీక్షింపబడినది దక్షిణాఫ్రికా సంఘము. అక్కడ పాపము చేసినవారును క్రైస్తవులే, దెబ్బలు తిన్నవారిలో అధికులును క్రైస్తవులే, మధ్య నిలిచి సమాధానము పలుకవలసినవారును క్రైస్తవులే. కావున వారి అనుభవము మనకు అద్దము వంటిది.

మొదట ఒక మాట మనవి చేయవలెను. మన తెలుగులో తప్పు చేసినవాడు చెప్పునదియు క్షమాపణయే, ఆ తప్పును భరించినవాడు ఇచ్చునదియు క్షమాపణయే. ప్రభుత్వము ఖైదీని విడుదల చేసినను పత్రికలు దానిని క్షమాభిక్ష అనియే వ్రాయును. మాట ఒకటే అగుటచేత మూడు వేరు వేరు పనులు ఒకటిగా కనబడుచున్నవి. వాటిని విడదీసి చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆ దేశముతో మన బంధము

దక్షిణాఫ్రికా మనకు పరాయి దేశము కాదు. 1860 నవంబరులో మద్రాసు నుండి ట్రూరో అను ఓడ మొదటి కూలీలను నేటాలు తీరమున దింపినది. అది మొదలు 1911 వరకు సుమారు లక్షా యాబది వేలమంది భారతీయులు చెరకు తోటలలో ఒప్పంద కూలీలుగా పనిచేయుటకు అక్కడికి పోయిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల తెలుగువారు అనేకులు. వారికి సువార్త ప్రకటించుటకు 1903లో నెల్లూరు ప్రాంతమునుండి జాన్ రంగయ్యగారు మిషనరీగా బయలుదేరి, కియర్స్నీ తేయాకు తోటలో ఆ ఏడే తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించిరి. మనము మిషనరీలను పుచ్చుకొన్న వారమే కాదు, పంపిన వారము కూడ అని చెప్పుటకు ఇది యొక నిదర్శనము.

ఇంకొక బంధము కలదు. 1938లో మద్రాసు చెంత తాంబరములో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు వచ్చిన ఆఫ్రికా ప్రతినిధులలో ఆల్బర్టు లుథూలీ ఒకరు. ఆయన జూలూ జాతి నాయకుడు, సంఘములో నమ్మకమైన సభ్యుడు. తరువాతి కాలమున ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడై, 1960వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానమును పొందెను.

బల్ల యొద్ద మొదలైన వేర్పాటు

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష 1948లో నేషనల్ పార్టీ అధికారమునకు వచ్చినప్పుడు పుట్టినదని సాధారణముగా చెప్పుదురు. చట్టముల మాట కొస్తే అది నిజమే. కాని దాని విత్తనము అంతకు ముందే దేవుని మందిరములో పడినది. 1857లో కేప్ ప్రాంతపు డచ్చి రిఫార్మ్‌డ్ సంఘ సినడు ఒక తీర్మానము చేసెను. అందరు కలిసి ఆరాధించుటయే వాక్యానుసారమని అందులో ఒప్పుకొన్నారు. అయినను కొందరి బలహీనతను బట్టి, నల్లవారు వేరొక చోట ఆరాధించుటకు ఏర్పాటు చేయవచ్చునని అదే తీర్మానములో వ్రాసిరి. ఆ బలహీనత తెల్లవారిది. నల్లవారితో కూడ ప్రభు బల్లలో పాలు పొందుటకు వారికి మనసొప్పలేదు. 1881 నాటికి వేరు సంఘమే ఏర్పడినది. బలహీనత కొరకు ఇచ్చిన మినహాయింపు అలవాటయ్యెను, అలవాటు సిద్ధాంతమయ్యెను, సిద్ధాంతము తుదకు దేశపు చట్టమయ్యెను.

1950లో జనులను జాతులవారీగా నమోదు చేయు చట్టము, ఏ జాతివారు ఏ పేటలో నివసింపవలెనో నిర్ణయించు చట్టము వచ్చినవి. 1953 నాటి విద్యా చట్టముతో నల్లవారి బిడ్డలు చదువుకొను మిషను పాఠశాలలు ప్రభుత్వము చేతిలోనికి పోయినవి. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరుపగా 69 మంది మరణించిరి. 1976 జూన్ 16న సొవెటోలో బడిపిల్లల మీద కాల్పులు జరిగెను.

ఈ కాలమున సంఘములో ఎదురు నిలిచినవారు లేకపోలేదు. 1960 డిసెంబరులో కాటెస్లో అనుచోట ప్రపంచ సంఘముల సమాఖ్య ఆధ్వర్యమున జరిగిన సభలో వర్ణవివక్షను ప్రశ్నించు తీర్మానములు జరిగెను. ప్రధాని వెర్వూర్డ్ ఆగ్రహింపగా డచ్చి రిఫార్మ్‌డ్ సంఘ సినడులు తమ ప్రతినిధుల మాటను త్రోసివేసి, సమాఖ్య నుండియే వైదొలగినవి. ఆ ప్రతినిధులలో ఒకరైన బేయర్స్ నౌడె మాత్రము వెనుకకు తగ్గలేదు. 1963లో ఆయన తన కాపరి పదవిని విడువవలసి వచ్చెను. 1977 నుండి ఏడేండ్లు ప్రభుత్వ నిర్బంధము ననుభవించెను. ఆయన తెల్లవాడు, ఆ జాతిలో గౌరవనీయమైన కుటుంబమువాడు. అయినను తన వారి పాపమును తన వారితోనే చెప్పెను.

1982లో ఒట్టావాలో కూడిన ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘముల కూటమి వర్ణవివక్షకు వేదాంతపు రంగు పూయుట దుర్బోధయని ప్రకటించినది. అదే యేట బెల్హార్ అనుచోట కూడిన మిషను సంఘము విశ్వాస ప్రమాణమొకటి రచించి, 1986లో అంగీకరించినది. 1985లో సుమారు 150 మంది దైవజనులు కైరోస్ పత్రముపై సంతకము చేసిరి. ఆ పత్రము ప్రభుత్వమును మాత్రమే గాక సంఘమును కూడ మందలించినది. అన్యాయము కొనసాగుచుండగనే ఉభయులు సమాధానపడుడని బోధించుట సువార్త కాదు, అది అన్యాయమునకు తోడ్పడుట యగునని అందలి సారాంశము.

ఒప్పుకోలు

1990 ఫిబ్రవరిలో నెల్సన్ మండేలా చెరనుండి విడుదలయ్యెను. అదే యేట నవంబరులో రస్టెన్‌బర్గ్ అను పట్టణమున దేశములోని అనేక సంఘముల ప్రతినిధులు కూడిరి. ఆ సభలో స్టెల్లెన్‌బాష్ వేదాంతాచార్యుడు విల్లీ యోంకర్ లేచి, వర్ణవివక్ష విషయమై తన పాపమును, తన సంఘముయొక్కయు తన జాతియొక్కయు పాపమును కూడ ఒప్పుకొనెను. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ వెంటనే లేచి, ఈలాటి ఒప్పుకోలు వినిన తరువాత క్షమింపక యుండజాలమను భావముతో దానిని అంగీకరించెను. మరునాడు డచ్చి రిఫార్మ్‌డ్ సంఘ ప్రతినిధులు యోంకర్ మాటలు తమ మాటలేనని చెప్పిరి.

సభలో కన్నీరు కారినది. కాని అందరికి ఆ సంగతి సమ్మతము కాలేదు. నల్లజాతి సంఘ నాయకులలో కొందరు టూటూను ప్రశ్నించిరి: మా అందరి పక్షమున క్షమించుటకు నీకు అధికారమెక్కడిది? ఈ ప్రశ్నను మనము తేలికగా తీసికొనరాదు. ఒక జాతి పక్షమున పాపము ఒప్పుకొనుటకు వాక్యములో ఆధారమున్నది. నెహెమ్యా, దానియేలు తమ పితరుల పాపములను తమవిగా ఎంచి ప్రార్థించిరి. కుమారుడు తండ్రి దోషమునకు శిక్ష పొందడని యెహెజ్కేలు గ్రంథము 18వ అధ్యాయము చెప్పుచున్నను, తండ్రి అన్యాయముగా ఆర్జించిన పొలములో పంట కోయుచున్న కుమారుడు ఆ పొలమును గూర్చి ఉత్తరవాది కాడని చెప్పలేము. కావున ఒప్పుకోలు సామూహికముగా చేయవచ్చును. కాని క్షమించుట అట్లు కాదు. చనిపోయినవాని పక్షమున, కుమారుని కోల్పోయిన తల్లి పక్షమున మరియొకరు క్షమాపణ పంచిపెట్టలేరు. నాయకుడు ద్వారము తెరువవచ్చును. లోపలికి అడుగుపెట్టునది లేనిది గాయపడినవాని ఇష్టము.

సత్య విచారణ

1994 ఏప్రిలులో సర్వజనుల ఎన్నికలు జరిగి మండేలా అధ్యక్షుడయ్యెను. 1995 నాటి చట్టము ప్రకారము 17 మంది సభ్యులతో సత్య, సమాధాన సంఘము నియమింపబడినది. టూటూ దానికి అధ్యక్షుడు. మెథడిస్టు బోధకుడైన అలెక్స్ బొరెయిన్ ఉపాధ్యక్షుడు. 1960 మార్చి మొదలు 1994 మే వరకు జరిగిన ఘోరములు వారి విచారణ పరిధి. అన్యాయము పొందినవారి సాక్ష్యము వినుటకు ఒకటి, నేరము చేసినవారి అర్జీలు పరిశీలించుటకు ఒకటి, నష్టపరిహారమును గూర్చి ఆలోచించుటకు ఒకటి, ఈలాగు మూడు ఉపసంఘములు పనిచేసినవి.

1996 ఏప్రిల్ 15న ఈస్ట్ లండన్ నగర మందిరములో తొలి విచారణ ప్రారంభమైనది. చిత్రహింసలు పొంది అవిటివాడైన యొక వృద్ధుని సాక్ష్యము వినుచు టూటూ బల్లమీద తలవాల్చి విలపించెను. 21,000 మందికి పైగా వాఙ్మూలమిచ్చిరి. సుమారు 2,000 మంది బహిరంగముగా మాటలాడిరి. ఎవరి మాతృభాషలో వారు చెప్పుకొనుటకు ఏర్పాటు చేయబడెను. అంతవరకు కోర్టులలో ముద్దాయిలుగా మాత్రమే నిలిచినవారి మాట మొదటిసారి దేశమంతయు రేడియోలో విన్నది. బాధితునికి జరుగవలసిన మొదటి న్యాయము ఇదే. జరిగినది జరిగినదని పదుగురిలో ఒప్పుకొనబడవలెను.

నేరము చేసినవారికి చట్టము పెట్టిన షరతు వేరు. రాజకీయోద్దేశముతో చేసినదై యుండవలెను, ఉన్నది ఉన్నట్లు పూర్తిగా చెప్పవలెను. అప్పుడు శిక్ష లేకుండ విడిచిపెట్టవచ్చును. పశ్చాత్తాపపడవలెనని గాని, క్షమాపణ చెప్పవలెనని గాని చట్టము కోరలేదు. 7,112 అర్జీలు రాగా 849 మందికి మాత్రమే విముక్తి లభించినది. 1977లో పోలీసు నిర్బంధములో మరణించిన స్టీవ్ బికో కేసులో పోలీసుల అర్జీ 1999లో నిరాకరింపబడినది. బికో కుటుంబము, మరికొన్ని కుటుంబములు ఈ ఏర్పాటు తమ న్యాయహక్కును హరించుచున్నదని 1996లో రాజ్యాంగ న్యాయస్థానమునకు పోయి ఓడిపోయిరి. వారిని కఠినహృదయులనుట న్యాయము కాదు. వారడిగినది పగ కాదు, న్యాయస్థానములో విచారణ.

మరియొక ప్రక్క, 1993లో కేప్‌టౌన్ చెంత గుగులేతులో అల్లరిమూక చేతిలో చంపబడిన అమెరికా విద్యార్థిని ఏమీ బీల్ తలిదండ్రులు, తమ కుమార్తెను చంపిన నలుగురి విడుదలను వ్యతిరేకించలేదు. 1998లో వారు విడుదలైన తరువాత, వారిలో ఇద్దరు ఆమె పేర స్థాపింపబడిన సేవాసంస్థలోనే పనిచేసిరి. ఇది కృపాకార్యము. అయితే ఒకరి కృపను చూపి మరియొకరిని నిర్బంధించరాదు. బీల్ కుటుంబము చేసినది బికో కుటుంబమునకు విధి కాదు.

1997 నవంబరులో ఈస్ట్ లండన్‌లోనే మత సంస్థల విచారణ జరిగినది. డచ్చి రిఫార్మ్‌డ్ సంఘము మొదలుకొని ఆంగ్లికను, కాథలిక్కు సంఘముల వరకు అందరు వచ్చి, తాము చేసినవియు చేయక విడిచినవియు చెప్పుకొనిరి. వర్ణవివక్షను ఎదిరించిన సంఘములు కూడ తమ లోపలనే తెల్లవారికొక జీతము, నల్లవారికొక జీతము ఇచ్చిన సంగతి ఒప్పుకొనవలసి వచ్చెను. సంఘము న్యాయపీఠము మీద మాత్రమే గాక బోనులో కూడ నిలువగలదని నాడు రుజువైనది.

మిగిలిపోయిన బాకీ

1998 అక్టోబరు 29న అయిదు సంపుటముల నివేదిక మండేలాకు సమర్పింపబడినది. మాజీ అధ్యక్షుడు డిక్లెర్క్ తనను గూర్చిన భాగమును ఆపించుటకు కోర్టుకు పోయెను. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కూడ తమ శిబిరములలో జరిగిన హింసలను నివేదిక ఎత్తిచూపినందుకు కోర్టుకు పోయెను. ఉభయపక్షములు సణిగినవనగా నివేదిక ముఖప్రీతి లేక వ్రాయబడినదని మనము గ్రహింపవచ్చును.

తరువాతి కథ విచారకరము. బాధితులకు యేటా సుమారు 17,000 నుండి 23,000 రాండ్ల చొప్పున ఆరేండ్లు చెల్లింపవలెనని సిఫారసు చేయబడెను. 2003లో ప్రభుత్వము ఒక్కసారికి 30,000 రాండ్లని ప్రకటించినది. విముక్తి పొందనివారిపై విచారణ జరుపుటకు సుమారు 300 కేసులు అప్పగింపబడగా, వాటిలో అత్యధికము సంవత్సరముల తరబడి కదలలేదు. 1985లో హత్య చేయబడిన క్రాడాక్ ఉద్యమకారులు నలుగురి మరణ విచారణ 2025లో మరల తెరువబడినదనగా, నలుబది యేండ్లు ఆ కుటుంబములు ఎట్లు కనిపెట్టినవో తలంచుడి. భూమియు ధనమును చాలవరకు ఉన్నచోటనే ఉన్నవి.

జక్కయ్య చరిత్రను మనము తరచుగా బోధించుదుము. యేసు అతని యింట ప్రవేశించిన దినముననే అతడు తన ఆస్తిలో సగము బీదలకిచ్చి, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని నిలువబడి చెప్పెను. రక్షణ అతని సంచిని కూడ ముట్టినది. దక్షిణాఫ్రికాలో నోరు ఒప్పుకొన్నది, సంచి ఒప్పుకొనలేదు. క్షమించినవారు తాము మోసపోతిమా అని సందేహించుటకు కారణమదే.

విచారణకు రాని గాయము

ఇందులో మన తెలుగువారికి సంబంధించిన అధ్యాయమొకటి కలదు. 1949 జనవరిలో డర్బను నగరమున ఆఫ్రికనులు భారతీయుల మీద లేచిరి. మూడు దినములలో 142 మంది మరణించిరి. అందులో 50 మంది భారతీయులు, 87 మంది ఆఫ్రికనులు. ఇరుపక్షములను కాలితో త్రొక్కుచున్న ప్రభుత్వమొకటి పైన ఉండగా, క్రింద ఉన్న ఇద్దరు ఒకరినొకరు చంపుకొన్నారు. మరుసటి నెలలోనే ఉభయుల నాయకులు కలిసి శాంతి ప్రకటన చేసిరి. 1952 నాటి చట్టధిక్కార ఉద్యమములో లుథూలీ, భారతీయ నాయకులు ప్రక్క ప్రక్కన నడిచిరి. నాయకులు కలిసిరి గాని పేటలలోని సామాన్యులు కూర్చుండి ఆ మూడు దినములను గూర్చి మాటలాడుకొనలేదు. సత్య విచారణ 1960తో మొదలగుటచేత 1949 దాని పరిధిలోనికి రాలేదు.

2021 జూలైలో దేశమున అల్లర్లు చెలరేగినప్పుడు, డర్బనులో భారతీయులు అధికముగా నివసించు ఫీనిక్స్ పేటలోను చుట్టుప్రక్కలను 30 మందికి పైగా చంపబడిరి. మృతులలో ఎక్కువమంది ఆఫ్రికనులు. డెబ్బదిరెండేండ్ల క్రిందటి భయము ఆ రాత్రులలో లేదని ఎవరు చెప్పగలరు? ఈసారి దెబ్బ కొట్టిన చేతులలో మన దేశమునుండి పోయినవారి మనుమల చేతులు ఉన్నవి. నిన్నటి బాధితుడు నేడు నిర్దోషియని వ్రాసియుండలేదు.

మన పేటల మాట

ఈ పాఠమును సముద్రమునకు ఆవలనే విడిచిపెట్టుట సులభము. కాని మన సంఘములు ఏ పేటలనుండి పుట్టినవో ఆ పేటల చరిత్ర మనకు తెలియును. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు చంపబడిరి. బ్రదికినవారు ఊరు విడిచి చీరాల చేరిరి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలలు చంపబడి, ఊరి నడుమ సమాధి చేయబడిరి. ఆ స్థలమును జనులు రక్తక్షేత్రమని పిలుచుచున్నారు. కారంచేడు విషయములో సుప్రీంకోర్టు 2008లో, అనగా ఇరువదిమూడేండ్ల తరువాత, ఒకరికి యావజ్జీవమును, 29 మందికి మూడేండ్ల శిక్షను విధించినది. చుండూరు విషయములో ప్రత్యేక న్యాయస్థానము 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధింపగా, 2014లో హైకోర్టు శిక్షలను కొట్టివేసి అందరిని విడుదల చేసినది.

ఈలాటి సంగతి జరిగిన ప్రతిచోట కొన్నాళ్ళకు పెద్దమనుష్యులు వచ్చి, "జరిగినదేదో జరిగిపోయినది, రాజీపడండి" అందురు. కేసు ఉపసంహరించుకొమ్మందురు. ఒక్కొక్కప్పుడు ఆ మాట పలుకుటకు కాపరిని ముందుకు త్రోయుదురు. క్షమించుమని చెప్పుట నీ వృత్తి కదా, చెప్పుమందురు. అక్కడనే మనము జాగ్రత్త పడవలెను. రాజీ బలవంతుని అవసరము, దాని ధర బలహీనుడు చెల్లించును. సమాధానము దేవుని కార్యము, దాని ధరలో మొదటి భాగము తప్పు చేసినవాడు చెల్లింపవలెను. మత్తయి సువార్త అయిదవ అధ్యాయములో బలిపీఠము నొద్ద అర్పణము విడిచి, వెనుకకు మరలి వెళ్లుమని ప్రభువు చెప్పినది ఎవనితో? తన మీద సహోదరునికి విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినవానితో. అనగా బాకీపడినవాడు ముందు నడువవలెను. మనమో చాల పర్యాయములు దెబ్బ తిన్నవానినే ముందు నడిపించితిమి.

దీనిని బట్టి క్షమించుట అనవసరమని నేను చెప్పుట లేదు. క్షమించనివాని హృదయము వానికే చెరసాల యగును. సిలువ మీద ప్రభువు తనను చంపుచున్నవారి కొరకు ప్రార్థించెను గనుక, క్షమించు వరమును పొందిన బాధితుడు ఆయన స్వారూప్యములోనికి వచ్చుచున్నాడు. అయితే అది వరము. వరమును ఆజ్ఞాపత్రముగా మార్చు అధికారము కాపరికి గాని, పంచాయితీకి గాని, ప్రభుత్వమునకు గాని లేదు. కాపరి చేయగలిగినది మూడు పనులు. గాయపడినవాని మాట చివరివరకు వినుట, దానిని మరుగుపరచనీయకుండుట. తప్పు చేసిన పక్షమువారి యొద్దకు పోయి, వారు తన చందాదారులైనను సరే, సత్యము చెప్పుట. కోల్పోయినది తిరిగి ఇప్పించుటకు వెంబడించుట. ఈ మూడును జరిగిన తరువాత క్షమాపణను గూర్చి మాటలాడుటకు నోరు వచ్చును.

మన సంఘముల లోపల కూడ వెదకవలసినది కలదు. మాల సంఘము, మాదిగ సంఘమని వేరుపడి కూర్చుండుట, ఎన్నికలలో ఉపకులముల లెక్కలు, వివాహములలో అడ్డుగోడలు మనము ఎరుగనివి కావు. 1857 నాటి తీర్మానము కూడ కొందరి బలహీనతను సహించుటతోనే ఆరంభమైనది. వందేండ్ల లోపలనే దాని ఫలము దేశమంతయు తినవలసి వచ్చినది. మన అధ్యక్ష ఖండము రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్న ఈ తరుణమున, ప్రతి పాస్టరేటు కమిటీ ఒక సాయంకాలము కూర్చుండి, మన బల్లయొద్దకు ఎవరు రాలేకపోవుచున్నారు, ఎవరికి మనము బాకీ ఉన్నాము అని పేరు పేరున వ్రాసికొనవలెనని నా విన్నపము. ఉత్సవపు దీపములు ఆరిన తరువాత ఆ జాబితాతో పని మొదలుపెట్టవచ్చును.